తప్పు పిల్లదా? తలుపుదా?

గడచిన ఆగస్టు 29వ తేదీన, తెలుగు భాషా దినోత్సవమునాడు, మన సంఘ శాఖాభవనములలో ఒకదానియందు బాలబాలికలకు పద్యపఠన పోటీ జరిగినది. తొమ్మిదేండ్ల బాలిక ఒకతె పది శతకపద్యములు తడబడక చదివి రెండవ బహుమతి గెలిచినది. ఆమె అమ్మమ్మ ఉక్కపోతకు తాళలేక వెలుపలి వసారాలో కూర్చుండియుండెను. బహుమతిగా ఇచ్చిన పుస్తకమును ఆమెకు చూపవలెనని ఆ పిల్ల వేదిక దిగి పరుగెత్తినది. ద్వారమునకు ప్రక్కన, ద్వారమంత ఎత్తున, నేలనుండి పైదాక ఒకే గాజుపలక బిగింపబడియున్నది. ఉత్సవమని ఆ ఉదయమే దానిని నిగనిగలాడునట్లు కడిగించియుంటిమి. పలకకు ఆవల అమ్మమ్మ కనబడుచున్నది. పలక మాత్రము కనబడలేదు.

తరువాత జరిగినది చూచినవారు మరువలేరు. చూడనివారికి వర్ణించి చెప్పబోము. కుడిచేయి మణికట్టునుండి మోచేతిదాక కోసికొనిపోయినది. వైద్యులు నాలుగు గంటలసేపు శస్త్రచికిత్స చేసి రక్తనాళమును కుట్టి ప్రాణము నిలిపిరి. కాని మోచేతినుండి అరచేతికి దిగు నరము తెగినందున చిటికెన వ్రేలికిని ఉంగరపు వ్రేలికిని నేటికిని స్పర్శ రాలేదు. ఆ బాలిక ఇపుడు కలమును ఎడమచేత పట్టుట నేర్చుకొనుచున్నది. కుటుంబమువారి కోరికపై ఆమె పేరును, ఊరి పేరును ఇచట వ్రాయుట మానితిమి.

ఆ సాయంకాలము ఆసుపత్రి వరండాలో మూడు మాటలు మా చెవిని బడినవి. కార్యవర్గములోని పెద్ద ఒకరు, "పిల్లల్ని కాస్త అదుపులో పెట్టుకోవాలమ్మా" అనిరి. మరియొకరు, "దిష్టి తగిలింది. అంత బాగా చదివింది కదా, అందరి కళ్లూ దానిమీదే" అనిరి. భవనము కట్టిన కాంట్రాక్టరు, "గాజు మంచిదేనండీ, ఎనిమిది మిల్లీమీటర్ల మందం వేశాము" అనెను. మొదటి మాటకు ఆ అమ్మమ్మ చెప్పిన ప్రత్యుత్తరము ఇది: "తలుపు పక్కన అద్దమున్నట్టు నాకే కనపడలేదు నాయనా. నేనూ పొద్దున దానికి తల కొట్టుకున్నాను. ఇంక తొమ్మిదేళ్ల పిల్లకేం కనపడుతుంది?"

ఈ వ్యాసమంతయు ఆ ముదుసలి మాటకు వ్యాఖ్యానము మాత్రమే. ఉదయముననే ఒక వృద్ధురాలు తల కొట్టుకొనినది. చూచినవారు నవ్వి ఊరకుండిరి. సాయంకాలమునకు ఒక బిడ్డ చేయి పోయినది. ఉదయమున నవ్వినవారిలో మేమును ఉంటిమి.

మా నేరము మేము ఒప్పుకొనుచున్నాము

ఇతరులను నిందించుటకు ముందు మా లెక్క చెప్పవలసియున్నది. ఆ భవనమునకు అంచనా తయారైనపుడు మన కుఱ్ఱవాడైన ఒక ఇంజనీరు ద్వారమునకును, దాని ప్రక్కపలకలకును 'టఫెన్డ్ గాజు' అని వ్రాసెను. ఖర్చు తగ్గింపవలెనని కార్యవర్గము కూర్చుండినపుడు ఆ మాట కొట్టివేయబడినది. 'గాజు గాజే గదా' అని అందరము అనుకొంటిమి. ఆ కాగితముపై సంతకము చేసినవారిలో ఈ పత్రిక నడుపుచున్న మేమును ఉన్నాము. అదే సమావేశములో దాతల పేర్లు చెక్కించు శిలాఫలకమునకు కావలసిన సొమ్ము మాత్రము ఒక్క పైస తగ్గింపక మంజూరు చేసితిమి. ప్రారంభోత్సవపు విందులో రెండు మిఠాయిలు తగ్గించియుండినచో ఆ గాజు వచ్చియుండెడిది. ఎవరును తగ్గింపుమని అనలేదు. మేమును అనలేదు.

కావున 'ప్రమాదము' అను మాటను మేమిచట వాడము. పిడుగు పడుట ప్రమాదము. కనబడని వస్తువును, పగిలినచో కత్తియగు వస్తువును, జనము నడచు త్రోవలో నిలువబెట్టి, దానికి గుర్తైనను పెట్టక, పిల్లలను పిలిచి పోటీలు పెట్టుట ప్రమాదము కాదు, నిర్లక్ష్యము. దీపము ఆరినదనక కొండెక్కినదని చెప్పు మర్యాద గల భాష మనది. ఆ మర్యాద దీపమునకు తగును. మన తప్పునకు తగదు.

మూడు సాకులు, మూడు సమాధానములు

మొదటి సాకు: పిల్లలు అదుపులో ఉండవలెనట. అయ్యా, పరుగెత్తుట పిల్లల ధర్మము. పిల్లలు పరుగెత్తు చోటని తెలిసి కట్టుట పెద్దల ధర్మము. పోనీ, ఇది పిల్లలకు మాత్రమే కలుగు ఆపదయా? 2020 జూన్ నెలలో కేరళలోని పెరుంబావూరులో ఒక బ్యాంకు శాఖకు పనిమీద వచ్చిన నడివయస్సు స్త్రీ, త్వరత్వరగా వెలుపలికి పోవుచు గాజు తలుపును ఢీకొనినది. తలుపు పగిలి గాజుపెంకు పొట్టలో దిగి ఆమె మరణించినది. ఆమెను ఎవరు అదుపులో పెట్టవలసియుండెను? ఆరోగ్యవతి, కనులు గలది, పట్టపగలు, జనమధ్యమున. ఆ వార్త దేశమంతటను పత్రికలలో వచ్చినది. మనము చదివితిమి, అయ్యో అంటిమి, పుట త్రిప్పితిమి. మన భవనపు తలుపువైపు ఒక్కరమును తల త్రిప్పి చూడలేదు.

రెండవ సాకు: దిష్టి. దిష్టి తీయుటకు ఉప్పు, మిరపకాయలు చాలునందురు. తీయువారిని మేము వలదనము. కాని దిష్టి ఆ పిల్లకు తగిలినదనుకొన్నను, చేయి కోసినది గాజు. దిష్టికి ఇంజనీరు లేడు, గాజునకు ఉన్నాడు. దిష్టికి ప్రమాణ సంఖ్య లేదు, గాజునకు కలదు. మన చేతిలో ఉన్నదానిని చేయక మన చేతిలో లేనిదానిమీదకు నెట్టుట భక్తియు కాదు, నమ్మకమును కాదు. అది తప్పించుకొను నేర్పు.

మూడవ సాకు మిక్కిలి అపాయకరమైనది, ఏలయన అది జ్ఞానమువలె వినబడును. 'మందపు గాజు వేసితిమి' అనునది ఆ మాట. గాజు ఒక మిల్లీమీటరు మందమునకు చదరపు మీటరొక్కింటికి రెండున్నర కిలోల బరువు తూగును. ఎనిమిది మిల్లీమీటర్ల పలక ద్వారమంతది, అనగా 2.1 మీటర్ల ఎత్తు, 0.9 మీటరు వెడల్పు గలది, సుమారు 38 కిలోలు. మందము పెరిగినచో అది పగులుటకు ఎక్కువ బలము కావలయుననుట నిజమే. కాని పగిలినపుడు అది పలుచని గాజువలెనే బారులు బారులుగా, మొనలు దేలి, కత్తులై చీలును. ఆ కత్తుల బరువు మాత్రము హెచ్చును. పైనుండి జారిపడు ముక్క గొడ్డలివలె దిగును. మందము రక్షణ కాదు. జాతి మారినగాని రక్షణ లేదు.

గాజు జాతులు

ఈ జాతుల సంగతి ప్రతి గృహస్థునకును తెలియవలెను. అంగడివాడు చెప్పడు. కాంట్రాక్టరు చెప్పడు. కావున మేము చెప్పుదుము.

మామూలు గాజు నెమ్మదిగా చల్లార్చబడినది. దానిని కోయవచ్చును, రంధ్రము వేయవచ్చును, చవుకగా దొరకును. కిటికీలలో, పటములలో, అలమరలలో ఎక్కువగా కనబడునది ఇదియే. దెబ్బ తగిలినచోట పుట్టిన బీట రెప్పపాటులో పలకంతయు పరుగెత్తి పొడవైన పెంకులను చేయును.

టఫెన్డ్ గాజు అనునది అదే గాజును 600 డిగ్రీల సెంటిగ్రేడునకు పైగా కాల్చి, రెండు ప్రక్కల చల్లని గాలిని బలముగా ఊది, ఒక్కసారిగా చల్లార్చినది. పైపొర ముందుగా గట్టిపడును. లోపలిభాగము తరువాత చల్లారి కుంచించుకొనుచు పైపొరను అదిమిపెట్టును. కమ్మరి ఇనుపకట్టును ఎఱ్ఱగా కాల్చి బండిచక్రమునకు తొడిగి నీరు పోసినపుడు ఆ కట్టు కుంచించుకొని కొయ్యను బిగించును గదా, బిగింపులో బలమున్నదను రహస్యము ఇందును అదియే. ఇట్టి గాజు మామూలు గాజునకు నాలుగైదు రెట్లు దెబ్బకు ఓర్చును. పగిలినను జొన్నగింజలవలె మొద్దు ముక్కలై రాలిపోవును. గీరుకొనవచ్చును గాని నరము తెగునంతటి గాయము అరుదు. దీనికి లోపములు లేకపోలేదు. ఒకసారి కాల్చిన తరువాత కోయుటకుగాని రంధ్రము వేయుటకుగాని వీలులేదు. అంచున గట్టి వస్తువు తగిలినచో పలకంతయు ఒక్కసారిగా రాలిపోవును. అరుదుగా, లోపల చిక్కిన సూక్ష్మమైన నికెల్ సల్ఫైడ్ రేణువు వలన తనంత తానే పగులుటయు కలదు.

లామినేటెడ్ గాజు మూడవది. రెండు పలకల నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను పెట్టి అతికించినది. పగిలినను ముక్కలు పొరకు అంటుకొనియే యుండును, పలక తన చోటు విడువదు. 1903లో ఫ్రెంచి రసాయనికుడు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ చేతినుండి ఒక గాజుకుప్పె జారి క్రిందబడినది. పగిలినదేగాని చెదరలేదు. లోపల ఎండియున్న సెల్యులోస్ నైట్రేటు పొర ముక్కలను పట్టియుంచినదని ఆయన గ్రహించెను. నేడు మోటారుకార్ల ముందు అద్దములు ఈ జాతివే. డాబా పిట్టగోడకు బదులుగా బిగించు గాజునకును, తలపైన కప్పుగా వేయు గాజునకును ఇదియే తగినది, ఏలయన అచట పగిలిన గాజు పడిపోకుండుటయే ముఖ్యము.

లోపల ఇనుపతీగెల వల గల గాజును చూచి అది రక్షణ గాజని కొందరు భ్రమపడుదురు. ఆ తీగెలు అగ్నిప్రమాదములో ముక్కలను పట్టియుంచుటకు ఏర్పడినవి. మనిషి ఢీకొనినపుడు ఆ గాజు మామూలు గాజువలెనే పగులును. పైగా చేయి వెనుకకు లాగునపుడు తెగిన తీగెలు మరల కోయును.

ఇవి తెలిసిన దేశములు చట్టములు చేసినవి. అమెరికాలో 1977 జూలై నుండి తలుపులకును, జారుడు గాజు తలుపులకును, స్నానపు గదుల అరలకును రక్షణ గాజు తప్పనిసరియైనది. సీసపు గుండ్లతో నింపిన 45 కిలోల తోలుసంచిని ఊపి కొట్టి ఆ గాజును పరీక్షింతురు. ఇంగ్లండులో తలుపులకు, వాని ప్రక్కపలకలకు నేలనుండి 1500 మిల్లీమీటర్ల వరకును, గోడలలోని కిటికీలకు 800 మిల్లీమీటర్ల వరకును ప్రమాదస్థానమని నిర్ణయించిరి. మన దేశములో చట్టము లేదనుకొనరాదు. రక్షణ గాజునకు ఐ.ఎస్. 2553 అను ప్రమాణము కలదు. భవనములలో గాజు వాడుకకు ఐ.ఎస్. 16231 కలదు. దాని నాలుగవ భాగమంతయు మనుష్యులు గాజును ఢీకొనుట గురించినదే. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలో గాజునకు ప్రత్యేక ప్రకరణము కలదు. 2020లో కేంద్ర ప్రభుత్వము రక్షణ గాజు నాణ్యతపై ఉత్తర్వు చేసి ఐ.ఎస్.ఐ. గుర్తును విధించినది. కాని ఆ గుర్తు రక్షణ గాజని అమ్మబడు గాజునకు మాత్రమే. మామూలు గాజును తలుపునకు బిగింపకుండ అది ఆపలేదు. స్మృతి మార్గము చూపును, మునిసిపాలిటీ దానిని తన నియమములలో చేర్చి అమలుచేసినగాని కాంట్రాక్టరు చేయి ఆగదు. నియమమున్నచోట కూడ చూచువాడు లేనిచో అది కాగితమే. ఆ చూచువారము మనమెందుకు కారాదు?

మన ఇండ్లలో

సంఘభవనము మాట అటుంచి మన ఇండ్లకు వత్తము. మన తాతల ఇండ్లలో గాజు ఎంత? దేవుని పటము, లాంతరు చిమ్నీ, అమ్మ చేతి గాజులు. కిటికీకి కొయ్య రెక్కలు, ఇనుప ఊచలు. బరంపురములోగాని, షోలాపురములోగాని, హోసూరులోగాని, బళ్లారిలోగాని, యానాములోగాని పాత ఇల్లు నిలిచియున్నచోట నేటికిని చూడవచ్చును. నేడు అదే కుటుంబము అదే స్థలములో కట్టిన కొత్త ఇంటిలో గాజు లేని గది లేదు. గాజు తప్పని మేమనము. వెలుతురు మంచిదే. కాని తాతలకు లేని వస్తువు గనుక దానితో మెలగవలసిన జాగ్రత్తయు తాతలు మనకు చెప్పిపోలేదు. అది మనమే నేర్వవలెను.

స్నానపు గదిలో గాజు అర పెట్టించుచున్నారు. తడి నేల, సబ్బు, ఒంటిపై బట్ట లేని మనిషి, ప్రక్కన గాజు. అచట మామూలు గాజు పెట్టించుటకంటె కత్తుల బోను కట్టించుట మేలు. మేడమెట్ల మలుపులో క్రిందిదాక దిగిన కిటికీ మరియొకటి. జారినవాడు నేరుగా దానిమీదనే పడును. బట్టల అలమరకు నిలువుటద్దము పెట్టించుట ఇంకొకటి. వెనుక పొర అతికింపని అద్దము పగిలినచో ఎదుట నిలిచి బొట్టు పెట్టుకొను ఆడపిల్ల పాదములమీద పడును. గాజు పలక గల గ్యాస్ పొయ్యిపై బరువైన గిన్నెను ధబాలున దింపుటయు, వేడిగా నున్నపుడు చన్నీటితో తుడుచుటయు మానవలెను.

పెద్దల పటముల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. గతించిన తల్లిదండ్రుల పటమును గోడకు ఒక్క మేకునకు తగిలించి, ఏడాదికొకసారి దండ మార్చుచు, మేకు త్రుప్పు పట్టినదేమో చూడని ఇల్లు మనలో అరుదు. ఆ పటము క్రిందనే మంచము, ఆ మంచముమీదనే మనుమడు. పటమునకు రెండు గట్టి కొక్కెములు వేయుడు. మంచమును జరుపుడు. గాజునకు బదులు అక్రిలిక్ రేకు పెట్టించినను పెద్దలు కోపగింపరు. మనుమని తలపై పడుటకంటె ఆ మార్పే వారికి ప్రియమైనది.

తీరప్రాంతపు మనవారికి ఇంకొక మాట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్టణముపై విరుచుకుపడినది. ఆ రెండవ తుఫానులో గాజు ముఖములు గల భవనములు ఎట్లు బోసిపోయినవో చూచినవారు మన బంధువులలోనే ఎందరో కలరు. తుఫాను హెచ్చరిక రాగానే కిటికీ అద్దములకు గుణకారపు గుర్తువలె టేపు అంటించు ఆచారమొకటి వ్యాపించినది. అది నిష్ప్రయోజనము. టేపు గాజునకు బలమీయదు. పగిలినపుడు ముక్కలు పెద్దవిగా ఎగిరివచ్చు అపాయము కూడ కలదు. ఆ సమయమును కొయ్య రెక్కలు మూయుటకును, రెక్కలు లేనిచోట వెలుపల ప్లైవుడ్ పలకలు బిగించుటకును, కిటికీలు లేని లోపలి గదిలోనికి పిల్లలను చేర్చుటకును వినియోగింపుడు. గాలి హోరును చూడవలెనని కిటికీ వద్ద నిలువకుడు.

మార్పు అసాధ్యము కాదు

'ఉన్న గాజంతయు పెరికి పారవేయుమందురా?' అని అడుగువారు వత్తురు. అట్లనము. వరుస చెప్పుచున్నాము.

మొదట చూడుడు. రక్షణ గాజునకు ఒక మూలన తుడిచినను పోని గుర్తు ముద్రింపబడియుండును. గుర్తు కనబడనిచో అది మామూలు గాజేయని భావింపుడు. తలుపులు, తలుపుల ప్రక్కపలకలు, మోకాటికి దిగువదాక వచ్చు కిటికీలు, స్నానపు గది, మేడమెట్లు, డాబా అంచు, ఈ ఆరు చోట్లు చూచిన చాలును.

రెండవది, మార్చగలిగినది మార్చుడు. మార్చలేనిదానికి సేఫ్టీ ఫిల్ము అను పారదర్శకపు పొరను అంటింపించుడు. అది గాజును పగులకుండ చేయదు గాని పగిలిన ముక్కలను చెదరనీయదు. అదియు వీలుకానిచో నడుము ఎత్తున అడ్డముగా ఒక కొయ్యకడ్డీ బిగింపుడు, లేదా పూలకుండీలు వరుసగా పెట్టుడు. మనిషి గాజుదాక పోకుండుటయే కావలసినది.

మూడవది, గాజు ఉన్నట్లు కనబడునట్లు చేయుడు. పెద్ద పలకలపై రెండు ఎత్తులలో, నేలనుండి సుమారు ఒక మీటరునకు కొంచెము దిగువన ఒకటి, ఒకటిన్నర మీటరు వద్ద ఒకటి, వెడల్పైన పట్టీలు అంటింపుడు. మొదటిది పిల్ల కంటికి, రెండవది పెద్దవారి కంటికి. మన ఆడవారు గడపకు పసుపుతో ముగ్గు వేయుదురు. గాజుపై ముగ్గు పట్టీ అంటించినచో అందమునకు అందము, రక్షణకు రక్షణ. ఆ ఆగస్టు సాయంకాలమున మా భవనపు పలకపై అట్టి పట్టీ ఒక్కటి ఉండినచో ఈ వ్యాసము వ్రాయు పని లేకుండెడిది.

కొత్తగా గాజు కొనునపుడు బిల్లుపై జాతిని, ఐ.ఎస్.ఐ. గుర్తును వ్రాయించుకొనుడు. అంగడివానితో ఏ భాషలో మాటాడవలెనని సంకోచింపవలదు. కన్నడములోను గాజే, తమిళములో కణ్ణాడి, మరాఠీలో కాచ్, ఒడియాలో కాచ. ఏ పేరున పిలిచినను అది ఒక్క రీతిగానే కోయును. 2553 అను అంకె అన్ని భాషలలోను అదియే. మూలనున్న గుర్తునకు భాష లేదు.

గాయము కలిగినపుడు

లోపల దిగియున్న గాజుముక్కను పెరుకరాదు. అదియే రక్తమును ఆపుచుండవచ్చును. దానికి ఇరుప్రక్కల గుడ్డ మడతలు పెట్టి కదలకుండ కట్టి ఆసుపత్రికి చేర్పుడు. ముక్క లేని గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేతినిగాని కాలినిగాని పైకెత్తి యుంచుడు. పసుపు, కాఫీపొడి గాయములో కూరరాదు. మన ఇండ్లలో మొదట తోచునది అదియే. వైద్యుడు గాయమును చూచుటకు అది అడ్డము, మలినమునకు దారి. 108కి ఫోను చేయుడు. లోపల ముక్క మిగిలినదేమోనని ఎక్స్‌రే తీయుమని అడుగుడు, గాజు సాధారణముగా అందు కనబడును. ధనుర్వాతపు ఇంజెక్షను సంగతి మరువకుడు. వ్రేళ్లు కదలుచున్నవా, స్పర్శ తెలియుచున్నదా అని వైద్యునికి ముందే చెప్పుడు. చర్మము కుట్టినంతమాత్రమున లోపలి నరము అతుకుకొనదు.

పగిలిన గాజును ఊడ్చి చెత్తబుట్టలో పోయుటతో పని ముగిసినదనుకొనుట మన మరియొక తప్పు. ఆ బుట్టలో చేయి పెట్టువాడెవడు? చెన్నపట్టణములోను, తమిళనాడులోని ఇతర పట్టణములలోను వీధులూడ్చు కార్మికులలో తరతరములుగా తెలుగు మాటాడువారు ఎందరో ఉన్నారు. వారును మన సంఘమువారే, మన సభలకు పిలుపు అందకున్నను మనవారే. గాజుముక్కలను మందపు కాగితములలో చుట్టి, త్రాటితో కట్టి, విడిగా పెట్టి, 'ఇందులో గాజున్నది నాయనా, జాగ్రత్త' అని చేతికి ఇచ్చి చెప్పుటకు ఎంతసేపు పట్టును? తెలుగు వర్ధిల్లవలెనని ఉపన్యసించు మనము ఆ ఒక్క తెలుగు వాక్యమును చెప్పుటకు బద్ధకింతుమా?

మా కోరిక

మన సంఘములు పాఠ్యపుస్తకముల కొరకు, ఉపాధ్యాయుల కొరకు ప్రభుత్వములకు ఎన్ని అర్జీలు వ్రాసినవో లెక్కలేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నదని ప్రతి అర్జీలోను ఉదాహరించుచున్నాము. వ్రాయుదము, మానరాదు. కాని తలుపునకు మంచి గాజు పెట్టుటకు ఏ ప్రభుత్వమునకును అర్జీ అక్కరలేదు. ఏ కమిషనరు అనుమతియు అక్కరలేదు. అది మన చేతిలోని పని. మన చేతిలోని పనిని చేయక పరుల చేతిలోనిదానికై ఘోషించువాని మాటకు బరువుండదు.

రానున్న సర్వసభ్య సమావేశము ముందు మేము ఈ తీర్మానములను పెట్టుచున్నాము. ఒకటి: సంఘము కట్టించు, విరాళమిచ్చు, అద్దెకు తీసికొను ఏ భవనములోను భుజమునకు దిగువన మామూలు గాజు ఉండరాదు. రెండు: ఉన్న భవనములన్నిటిని రెండు నెలలలో పరీక్షించి, మార్చుటయో, ఫిల్ము అంటించుటయో, కనబడు పట్టీలు వేయుటయో చేయవలెను. పట్టీలు మాత్రము ఈ వారమే. మూడు: అంచనాలోనుండి రక్షణకు సంబంధించిన అంశమును కొట్టివేయువారు తమ పేరు, కారణము కాగితముపై వ్రాయవలెను. నాలుగు: ఆ బాలిక చికిత్సకగు వ్యయమును శిలాఫలకపు నిధినుండి చెల్లింపవలెను. ఫలకముపై మా పేర్లు ఉన్నవి. అవి చెరిగినను మాకు విచారము లేదు.

మా మాటలు కొందరికి కటువుగా తోచవచ్చును. దాతలు నొచ్చుకొందురని, సంఘము పరువు వీధిని బడునని, ఇంటిమాట పత్రికకెక్కించుట తగదని కొందరు హితవు చెప్పిరి. ఇరుగుపొరుగు భాషలవారి నడుమ మనము తలెత్తుకొని బ్రతుకవలెననుట నిజమే. కాని పరువు తప్పును దాచుటలో లేదు, దిద్దుకొనుటలో నున్నది.

రానున్న ఆగస్టు 29న ఆ బాలిక మరల పద్యములు చదువునట. ఈసారి మొదటి బహుమతి తెచ్చుకొందునని అమ్మమ్మతో పందెము వేసినదట. ఆ అమ్మమ్మ మాకు కబురంపినది: "పిల్లని తప్పక తీసుకొస్తాను నాయనా. ముందు ఆ అద్దం సంగతి చూడండి." ఆ పిల్ల వచ్చునప్పటికి ఆ పలక మారియుండవలెను. మారనిచో ఆ దినమున ద్వారమువద్ద నిలిచి, లోనికి పోవు ప్రతి బిడ్డ చేయి పట్టుకొని నడిపించు పని మేమే చేసెదము. మా సంతకమునకు అంతమాత్రపు ప్రాయశ్చిత్తమైనను ఉండవలెను గదా!